పక్కన బ్రోతల్ వస్తే ఇంటి ధర పడిపోతుందా? ఆస్ట్రేలియాలో ఇల్లు కొనే తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మెల్‌బోర్న్‌లో ఇళ్ళ అమ్మకాల కాగితాలు చూసే కన్వేయన్సింగ్ పని నాది. విక్టోరియాలో సెక్స్ వర్క్ చట్టం మారినప్పటి నుంచి టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు ఇల్లు చూసుకునే మనవాళ్ళు ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. కొందరు భయంతో, కొందరు కోపంతో, కొందరు చెప్పడానికే మొహమాటపడుతూ. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను: చట్టం మారినంత మాత్రాన ఇళ్ళ ధరలు కదలవు. మీ గోడ పక్కన ఏముంది, ఒకే చోట ఎన్ని ఉన్నాయి, రాత్రి పూట ఆ వీధి ఎలా ఉంటుంది, ధరని కదిలించేవి ఇవే.

## ఇల్లు వెతకడం మొదలుపెట్టినప్పుడు

అసలు ఏం మారింది? ఇప్పుడు ఎవరైనా ఎక్కడైనా బ్రోతల్ పెట్టేయొచ్చా?

పెట్టేయలేరు. విక్టోరియాలో బ్రోతళ్ళు కొత్తేమీ కాదు, 1980ల నుంచే ప్లానింగ్ అనుమతితో నడుస్తున్నాయి. 2022లో చేసిన చట్టంతో మార్పు రెండు దశల్లో వచ్చింది. 2022 మే 10 నుంచి వీధిలో చేసే సెక్స్ వర్క్ చాలా చోట్ల నేరం కాకుండా పోయింది. 2023 డిసెంబర్ 1 నుంచి 1994 నాటి పాత చట్టం, దాంతోపాటు ప్రత్యేక లైసెన్సు రద్దయ్యాయి. ఇప్పుడు ప్లానింగ్ విషయంలో ఒక దుకాణానికి ఏ నిబంధనలుంటాయో వీటికీ దాదాపు అవే. అంటే మామూలు రెసిడెన్షియల్ జోన్‌లో, నాలుగు ఇళ్ళ మధ్యలో బట్టల షాపు ఎలా తెరవలేరో బ్రోతల్ కూడా అలాగే తెరవలేరు. షాపులుండే కమర్షియల్ జోన్‌లో మాత్రం ఇప్పుడు తేలిక. అందుకని మీరు చూడాల్సింది మీ వీధి ఏ జోన్‌లో ఉంది, దాని పక్క జోన్ ఏది అన్నది. చట్టం పేరు చూసి టెన్షన్ పడొద్దు.

చట్టబద్ధం చేస్తే మొత్తం ఏరియా ధరలు పడిపోతాయని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

నిజం కాదు. ఏరియా మొత్తం ధరని నడిపించేవి వడ్డీ రేట్లు, ఉద్యోగాలు, రైలు స్టేషన్, స్కూల్ జోన్, కొత్తగా ఎన్ని ప్లాట్లు మార్కెట్లోకి వస్తున్నాయి అన్నవి. మన పడమటి వైపు శివార్లలో రోడ్ల రద్దీ, ఖాళీ భూమి ఎక్కువగా ఉండటం ధర మీద ఎంత పని చేస్తాయో ఇంకేదీ అంత చేయదు.

పక్క రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌ని చూడండి. అక్కడ 1995 నుంచే బ్రోతల్ చట్టబద్ధమైన వ్యాపారం, కౌన్సిల్ అనుమతితో నడుపుకోవచ్చు. ఆ తర్వాత ఈ ముప్పై ఏళ్ళలో సిడ్నీ ఇళ్ళ ధరలు ఎక్కడికి చేరాయో అక్కడ కొన్న బంధువులెవరైనా ఉంటే అడగండి. చట్టం వల్లే పెరిగాయని నేననడం లేదు, దానికి వేరే కారణాలు వందున్నాయి. చట్టం వాటిని ఆపలేదు, అంతవరకే.

మరి పక్కింటి ధరైనా తగ్గుతుందా? పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

పక్కింటి ధర తగ్గే అవకాశం ఉంది, దాచడానికేమీ లేదు. ఈ విషయంలో నాకు బాగా నమ్మకం కలిగించేది ఆమ్‌స్టర్‌డామ్ ఉదాహరణ. నెదర్లాండ్స్‌లో 2000 అక్టోబర్ 1న బ్రోతళ్ళ మీద నిషేధం తీసేశారు. ఆమ్‌స్టర్‌డామ్ పాత ఊరి మధ్యలో, కాలువల పక్కన, అద్దాల కిటికీల వెనక మహిళలు నిలబడే వీధులున్నాయి. 2007 నుంచి నగర పాలక సంస్థ ఆ 1012 పిన్‌కోడ్ ప్రాంతంలో కిటికీలు కొన్నిటిని కొని మూయించడం మొదలుపెట్టింది. కాలువకి ఇటువైపు ఇళ్ళనీ అటువైపు ఇళ్ళనీ పోల్చి చూసిన పరిశోధకులకి కిటికీలున్న వైపు ఇళ్ళు తక్కువకి పోతున్నట్టు తేలింది. ఆ తేడాలో కొంత చిన్నాచితకా నేరాల వల్ల, కొంత అచ్చంగా ఆ కిటికీల వల్ల.

రెండు ఒడ్లకీ చట్టం ఒకటే, ఊరూ ఒకటే, మెట్రో కూడా ఒకటే. తేడా కాలువ వెడల్పంతే. అక్కడ ఆ తగ్గుదల వచ్చింది ఒకేచోట వందల కిటికీలు, వాటిని చూడటానికి అర్ధరాత్రి దాకా తిరిగే టూరిస్టుల గుంపులు ఉన్న చోట. మెల్‌బోర్న్ శివార్లలో అలాంటి చోటు లేదు. అందుకే అక్కడి శాతాలు తెచ్చి ఇక్కడి ఇంటికి అంటగడితే ఒప్పుకోకండి, మీ ఏజెంట్ చెప్పినా సరే.

మెల్‌బోర్న్‌లో సెయింట్ కిల్డా పేరు చెబితే అందరూ ముఖం చిట్లిస్తారు. అక్కడ ఇళ్ళు చవకా?

చవక కాదు. గ్రే స్ట్రీట్, దాని చుట్టుపక్కల వీధుల్లో దశాబ్దాలుగా వీధి సెక్స్ వర్క్ ఉంది. అది నేరంగా ఉన్న రోజుల్లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. అదే సెయింట్ కిల్డాలో విడి ఇల్లు కావాలంటే మిలియన్ డాలర్ల పైమాటే. సముద్రం, ట్రామ్, సిటీకి దగ్గర, పాతకాలపు ఇళ్ళు, ఇవన్నీ కలిసి ఆ ధరని మోస్తున్నాయి. సిడ్నీలో సర్రీ హిల్స్ కూడా అంతే. 1920ల్లో బ్రోతళ్ళకీ రౌడీ ముఠాలకీ పేరుమోసిన చోటు, ఇప్పుడు అక్కడ ఇరుకు టెర్రస్ ఇల్లు కొనాలన్నా మామూలు జీతగాళ్ళ వల్ల కాదు.

కాకపోతే ఒక్క మాట. ఆ గ్రే స్ట్రీట్ మీదే, ముఖద్వారం ఎదురుగా కార్లు ఆగి ఆగి వెళ్ళే చోట ఉన్న ఇంటికీ, నాలుగు వీధులవతల ఉన్న ఇంటికీ తేడా ఉంటుంది.

చట్టబద్ధం చేస్తే క్రైమ్ పెరుగుతుంది కదా, దానివల్ల ధర తగ్గదా?

పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 2003 నుంచి 2009 దాకా నాలుగు గోడల మధ్య జరిగే సెక్స్ వర్క్ నేరం కాకుండా ఉంది. ఆ కాలంలో పోలీసులకి అందిన అత్యాచార ఫిర్యాదులు దాదాపు మూడో వంతు తగ్గాయని పరిశోధకులు చూపించారు. నెదర్లాండ్స్‌లో కొన్ని నగరాలు వీధి సెక్స్ వర్క్‌కి ఒక చోటు కేటాయించి చూశాయి. అక్కడ మొదటి రెండేళ్ళలో లైంగిక దాడులు, అత్యాచారాల నమోదు 30 నుంచి 40 శాతం తగ్గింది. అన్ని ఊళ్ళలోనూ ఇలాగే జరిగి తీరుతుందని నేను చెప్పను. చట్టబద్ధం అనగానే నేరాలు పెరుగుతాయి అనే లెక్క మాత్రం తప్పు. నాకైతే ఈ అంకెలు ఇంటి ధర కంటే ముఖ్యమైనవి, ఒక్కో అంకె వెనక ఒక్కో ఆడమనిషి ఉంది.

## ఒక ఇల్లు నచ్చాక

చుట్టుపక్కల ఏముందో నాకు ఎలా తెలుస్తుంది? బోర్డు కూడా ఉండదంట కదా?

బోర్డు పెద్దగా ఉండదు, నిజమే. నేను చూసిన ఒకటి టైర్ల షాపుకీ తలుపులు చేసే వర్క్‌షాపుకీ మధ్య ఉంది. బయట పేరు లేదు. బూడిద రంగు గోడ, దాని మీద పెద్ద అంకెల్లో డోర్ నంబర్, లోపల ఏముందో కనబడని గాజు తలుపు, దానిపైన కెమెరా, పార్కింగ్ వెనక వైపు. పగలు అటుగా వెళ్ళేవాళ్ళు అకౌంటెంట్ ఆఫీసు అనుకుంటారు.

అందుకని రెండు పనులు చేయండి. మొదటిది, రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళ విక్‌ప్లాన్ మ్యాప్‌లో ఇంటి అడ్రస్ కొట్టండి, ఉచితమే. మీ ఇల్లు ఏ జోన్, వెనక వీధి ఏ జోన్ అన్నది రంగుల్లో కనబడుతుంది. రెండోది, శనివారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్షన్ చూసి మురిసిపోయి వచ్చేయకుండా, శుక్రవారం రాత్రి పదింటికి ఒకసారి వెళ్ళి కారు ఆపి కూర్చోండి. కార్లు ఎన్ని వస్తున్నాయి, ఎవరైనా గట్టిగా మాట్లాడుతున్నారా, లైట్లు మీ బెడ్‌రూమ్ కిటికీలో పడతాయా, చూడండి. బ్రోతల్ కంటే పబ్బు, ఫాస్ట్‌ఫుడ్ డ్రైవ్‌త్రూ, కార్ వాష్ ఎక్కువ ఇబ్బంది పెట్టే ఇళ్ళు నాకు చాలా తగిలాయి.

సెక్షన్ 32లో ఇదంతా రాసి ఉంటుందా?

ఉండదు. అమ్మేవాళ్ళు ఇచ్చే సెక్షన్ 32 స్టేట్‌మెంట్ మీరు కొంటున్న ఆస్తి గురించి చెబుతుంది: టైటిల్, జోన్, ఓవర్‌లేలు (జోన్ మీద ఉండే అదనపు ప్లానింగ్ షరతులు), పన్నులు, కట్టడాల పర్మిట్లు. పక్క స్థలంలో ఏం వ్యాపారం నడుస్తోందో చెప్పాలని లేదు. నూట ఇరవై పేజీలు ఉంది కదా, అన్నీ ఉంటాయిలే అనుకునేవాళ్ళే ఎక్కువ. పక్కన ఏముందో కావాలంటే ఏజెంట్‌ని సూటిగా ఈమెయిల్‌లో అడగండి. ఏజెంట్ తెలిసి అబద్ధం చెబితే అది వినియోగదారుల చట్టం కింద తప్పు, అందుకే రాతలో అడగమంటున్నాను.

ఎంత దూరం ఉంటే పర్వాలేదు?

పాత చట్టంలో ఒక లెక్క ఉండేది. ఇంటికి 100 మీటర్లు, బడి, గుడి, ఆసుపత్రి, పిల్లలు వచ్చే చోట్లకి 200 మీటర్లు దూరం ఉంటేనే కొత్త బ్రోతల్‌కి పర్మిట్ ఇచ్చేవాళ్ళు. ఆ లెక్క ఇప్పుడు పోయింది కానీ, కొనేవాళ్ళ మనసులో దూరం ఎలా పనిచేస్తుందో చూసుకోవడానికి పనికొస్తుంది. నా అనుభవంలో కొనేవాడిని ఇబ్బంది పెట్టేది కంటికి కనిపించడం. గోడ పక్కన, లేదా ఎదురుగా వాకిలి కనబడేలా ఉంటే బేరం దగ్గర మాట వస్తుంది. ఒక వీధి అవతల, మధ్యలో రోడ్డో పార్కో ఉంటే చాలామందికి అసలు తెలియను కూడా తెలియదు.

ఇండస్ట్రియల్ ఏరియా పక్కన ఇల్లు చవకగా వస్తోంది, అక్కడ పాత బ్రోతల్ ఉంది. అందుకే చవకా?

చాలావరకు కాదు. పాత 100 మీటర్ల నిబంధన వల్ల లైసెన్సున్న బ్రోతళ్ళు ఎక్కువగా గోడౌన్ల మధ్యకి వెళ్ళాయి. అక్కడ అద్దె ముందే తక్కువ. ఆ పక్కన ఇళ్ళు చవకగా ఉండటానికి తెల్లవారుజామున రివర్స్ గేర్లో కూసే లారీలు, పెయింట్ వాసన, చెట్టనేది లేకపోవడం, పాత కాలుష్యం భయం, ఇవి కారణాలు. బ్రోతల్ ఎత్తేసినా ఆ ధర పెద్దగా లేవదు. మీరు కొనాలా వద్దా అన్నది లారీలతో పదేళ్ళు బతకగలరా అన్న దాన్ని బట్టి తేల్చుకోండి.

అన్నా, సంతకం పెట్టేశాం, తర్వాత తెలిసింది. వెనక్కి రావచ్చా?

విక్టోరియాలో ప్రైవేట్ సేల్ అయితే మీరు సంతకం పెట్టినప్పటి నుంచి 3 పనిదినాల కూలింగ్ ఆఫ్ (మనసు మార్చుకునే గడువు) ఉంటుంది. ఆలోపు రాతపూర్వకంగా వెనక్కి తగ్గితే 100 డాలర్లు గానీ ధరలో 0.2 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది పోతుంది, మిగతాది తిరిగొస్తుంది. ఏడు లక్షల ఇంటికి 1,400 డాలర్లు. ఆక్షన్‌లో కొంటే, లేదా ఆక్షన్‌కి ముందూ వెనకా 3 పనిదినాల్లో కొంటే ఈ హక్కు లేదు. న్యూ సౌత్ వేల్స్‌లో 5 పనిదినాలు, 0.25 శాతం. గడువు దాటాక పక్కన బ్రోతల్ ఉందన్న ఒక్క కారణంతో కాంట్రాక్ట్ రద్దు చేసుకోవడం చాలా కష్టం. ఆలస్యం చేయకుండా అదే రోజు మీ కన్వేయన్సర్‌కి ఫోన్ చేయండి.

బ్యాంకు వాల్యుయేషన్ తక్కువ వేస్తుందా?

బ్యాంకు పంపే వాల్యూయర్ ముఖ్యంగా ఆ చుట్టుపక్కల ఈ మధ్య అమ్ముడైన ఇలాంటి ఇళ్ళ ధరలు చూస్తాడు. పక్కనే వ్యాపార స్థలం ఉంటే, అది ఏ వ్యాపారమైనా, ఆ సంగతి రిపోర్టులో రాయొచ్చు. మీరు కొన్న ధర ఆ పోలిక ధరలకి దగ్గరగా ఉంటే లోన్‌కి ఇబ్బంది రాకూడదు. 20 శాతం కంటే తక్కువ డిపాజిట్‌తో కొంటున్నవాళ్ళు మాత్రం జాగ్రత్త. వాల్యుయేషన్ పది, ఇరవై వేలు తగ్గినా ఆ తేడా మీ జేబులోంచే పెట్టాలి.

## గృహప్రవేశం అయ్యాక

పక్కింట్లో ఒకామె ఇంటి నుంచే ఈ పని చేస్తోందని అనుమానం. ఇది చెల్లుతుందా?

విక్టోరియాలో చెల్లుతుంది. ఇంటి నుంచి ట్యూషన్ చెప్పేవాళ్ళకీ బ్యూటీ పార్లర్ నడిపేవాళ్ళకీ ఏ షరతులో ఆమెకీ అవే: ఆ ఇంట్లో నివాసం ఉండాలి, బయటివాళ్ళు ఒక సమయంలో ఇద్దరికి మించి పనిచేయకూడదు, ఇంటి విస్తీర్ణంలో మూడో వంతు గానీ 100 చదరపు మీటర్లు గానీ, ఏది తక్కువైతే అంతకు మించి వాడకూడదు, ఇరుగుపొరుగుకి ఇబ్బంది కలగకూడదు.

ఇక ధర సంగతి. ఒక్క మనిషి, అపాయింట్‌మెంట్ మీద, ఎవరి కంటా పడకుండా ఉండాలని కోరుకునే పని. పిలిస్తేనే వచ్చే ఒకటీ అరా కార్ల వల్ల మీ ఇంటి ధర తగ్గిందని చూపించే అమ్మకం ఒక్కటి కూడా నేను చూడలేదు. అందరికంటే ఎక్కువగా గొడవ వద్దనుకునేది ఆమే. అనుమానం మాత్రమే ఉన్నప్పుడు వీధి గ్రూపులో పేరూ ఇంటి నంబరూ పెట్టకండి. ఆ ఒక్క మెసేజ్ ఆమె ప్రాణం మీదికి తేవచ్చు. మీ వీధి పేరు చెడగొట్టేది కూడా ఆ మెసేజే.

కౌన్సిల్‌లో కొత్త అప్లికేషన్ పడింది. "మా ఇళ్ళ ధరలు పడిపోతాయి" అని అభ్యంతరం రాస్తే ఆపుతారా?

ఆ ఒక్క వాక్యంతో ఆపరు. ప్లానింగ్ కేసుల్లో కౌన్సిలైనా, వీక్యాట్ అనే రాష్ట్ర ట్రిబ్యునలైనా ఆస్తి ధర తగ్గుతుందన్న వాదనకి బరువు ఇవ్వవు. మొబైల్ టవర్ కేసులో ఇవ్వవు, చైల్డ్‌కేర్ సెంటర్ కేసులో ఇవ్వవు, ఇక్కడా అంతే. "ఇది పాపం, మా సంస్కృతికి విరుద్ధం" అన్నదాన్నీ లెక్కలోకి తీసుకోరు.

తీసుకునేవి వేరే ఉన్నాయి. పార్కింగ్ ఎన్ని, కస్టమర్లు మీ ఇళ్ళ ముందు ఆపాల్సి వస్తుందా, ఎన్ని గంటల దాకా నడుపుతారు, వాకిలి ఎటువైపు, లైట్లు, చప్పుడు, వెనక సందులో చీకటి. వీటి గురించి రాయండి. వాకిలి ఇళ్ళ వైపు కాకుండా మెయిన్ రోడ్డు వైపు పెట్టమనండి, పార్కింగ్ లోపలే ఉండాలనండి, మూసే సమయం అడగండి. ఒకే లేఖని అరవై మంది సంతకాలతో పంపే కంటే ఆరుగురు తమ కిటికీ ఎక్కడుంది, పడుకునే గది ఎటుంది అని ఎవరికి వారు రాస్తే బాగా పనిచేస్తుంది. నిజానికి ధరని కాపాడేవి కూడా ఈ షరతులే.

మా పిల్లలు ఆ దారిలోనే స్కూలుకి నడిచి వెళ్తారు. దానికేమైనా నిబంధన ఉందా?

వీధి సెక్స్ వర్క్ విషయంలో ఉంది. విక్టోరియాలో స్కూళ్ళు, చైల్డ్‌కేర్ సెంటర్లు, ప్రార్థనా స్థలాల దగ్గర ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకా అది ఇప్పటికీ నేరమే. పిల్లలు వెళ్ళొచ్చే వేళలన్నీ అందులో వచ్చేస్తాయి. నాలుగు గోడల మధ్య నడిచే చోట్ల గురించైతే, పిల్లల కంటికి అది మూసి ఉన్న ఒక తలుపు మాత్రమే.

స్టేషన్ దగ్గర మసాజ్ షాపు రాత్రి ఒంటిగంట దాకా తెరిచి ఉంటోంది. ఎవరికి చెప్పాలి?

అనుమతి లేని సమయాల్లో నడుపుతుంటే కౌన్సిల్‌కి చెప్పండి. అక్కడ పనిచేసే అమ్మాయిలని బలవంతంగా పెట్టారని, పాస్‌పోర్టు లాక్కున్నారని అనిపిస్తే ఆలోచించకుండా పోలీసులకి చెప్పండి. బలవంతం, అక్రమ రవాణా, పిల్లలతో చేయించడం అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. పని చోట భద్రత విషయాలు ఇప్పుడు వర్క్‌సేఫ్ విక్టోరియా చూస్తుంది, మిగతా ఏ వ్యాపారానికి చూసినట్టే.

వీధి వాళ్ళం అంతా ఒక్కటై వాళ్ళని ఖాళీ చేయిస్తే ధర నిలబడుతుంది కదా?

ఇది నాకు బాధ కలిగించే ప్రశ్న. గోవాలో వాస్కో దగ్గర బైనా అనే బీచ్ ఉంది. అక్కడి రెడ్ లైట్ ప్రాంతంలో ఆంధ్ర, కర్ణాటకల నుంచి వెళ్ళిన ఆడవాళ్ళే ఎక్కువ. 2004 జూన్‌లో, వర్షాలు మొదలయ్యే వేళ, ఆ గుడిసెలన్నీ బుల్డోజర్లతో కూల్చేశారు. పని ఆగిందా అంటే ఆగలేదు. లాడ్జిలకీ అద్దె గదులకీ, ఊరంతా చెదిరిపోయింది. ఆ ఆడవాళ్ళని చేరుకుని ఆరోగ్య సాయం అందించడం అంతకు ముందుకంటే కష్టమైంది. ఒకచోట ఉన్నదాన్ని తరిమితే అది ఎవరో ఒకరి ఇంటి పక్కకే వెళ్తుంది. తరమబడేది మళ్ళీ మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే కావచ్చు.

## అద్దెకిచ్చేటప్పుడు, అమ్మేటప్పుడు

సెక్స్ వర్కర్ అని తెలిస్తే ఇల్లు అద్దెకివ్వనని చెప్పొచ్చా?

విక్టోరియాలో చెప్పకూడదు. 2022 మే నుంచి ఏ వృత్తి చేస్తున్నారన్న కారణంతో వివక్ష చూపడం సమాన అవకాశాల చట్టం ప్రకారం తప్పు. అద్దె కట్టగలరా, పాత ఓనర్ ఏమన్నారు అన్నవి అందరికీ చూసినట్టే చూడండి.

అమ్మేటప్పుడు పక్కన ఉన్నదాని గురించి కొనేవాళ్ళకి చెప్పాలా?

2020 మార్చి 1 నుంచి విక్టోరియాలో ఆస్తికి సంబంధించిన ముఖ్యమైన నిజాన్ని తెలిసి దాచడం నేరం. పక్క స్థలంలో నడిచే చట్టబద్ధమైన వ్యాపారం ఆ పరిధిలోకి వస్తుందా అన్నది ఒక్కో కేసుని బట్టి ఉంటుంది, మీ లాయర్‌ని అడగండి. నా సలహా మాత్రం ఒకటే, అడిగితే దాచొద్దు. ఎవరైనా "పక్కన ఏంటి?" అని అడిగితే ఉన్నది చెప్పండి. మాట మార్చి అమ్మి, సెటిల్‌మెంట్ ముందు కొనేవాళ్ళకి తెలిసి లాయర్ నోటీసులు నడిచిన అమ్మకం ఎవరికీ కలిసిరాదు.

ధర పడకముందే అమ్మేసుకోమంటారా?

వద్దు. ఆక్షన్‌లో ధర తేల్చేది చివరి దాకా నిలిచిన ఇద్దరు. పది మంది వస్తే అందులో ముగ్గురు పక్కనున్నది చూసి వెళ్ళిపోయినా మిగిలిన ఏడుగురిలో ఇద్దరు పోటీ పడితే చాలు. ఇబ్బంది వచ్చేది మార్కెట్ మందకొడిగా ఉండి ఇద్దరే వచ్చినప్పుడు, ఆ ఇద్దరిలో ఒకరు వెనకాడినప్పుడు. కాబట్టి అలాంటి ఇల్లు ఉన్నవాళ్ళు వేడి మార్కెట్లో, స్ప్రింగ్‌లో అమ్మడం మేలు. కంగారుపడి చలికాలంలో తెగనమ్మితే పోయే డబ్బు, పక్కన ఉన్నదాని వల్ల పోయేదాని కంటే ఎక్కువ. అద్దె మీద ఉంచుకున్నవాళ్ళకి ఇంకా తక్కువ బెంగ: అద్దెకొచ్చేవాళ్ళు స్టేషన్ ఎంత దూరం, హీటర్ పనిచేస్తుందా అని చూస్తారు.

## వేరే చోట్ల ఉన్నవాళ్ళకి

మేం సిడ్నీలో, మా తమ్ముడు బ్రిస్బేన్‌లో. మాకూ ఇదేనా?

న్యూ సౌత్ వేల్స్‌లో కౌన్సిల్ చేతిలో ఎక్కువ అధికారం ఉంది, చాలా కౌన్సిళ్ళు బ్రోతళ్ళని ఇండస్ట్రియల్ జోన్లకే పరిమితం చేస్తాయి. మీ ఇంటి జోన్ కౌన్సిల్ ఇచ్చే సెక్షన్ 10.7 సర్టిఫికెట్‌లో ఉంటుంది. క్వీన్స్‌లాండ్‌లో లైసెన్సు పద్ధతి తీసేసి 2024 ఆగస్టు 2 నుంచి కొత్త చట్టం అమల్లోకి తెచ్చారు. అక్కడ అనుభవం ఇంకా కొత్త.

న్యూజిలాండ్‌లో ఎలా ఉంది?

2003లో పార్లమెంటులో 60కి 59 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో నెగ్గిన చట్టం అది. నలుగురి దాకా సొంతంగా కలిసి పనిచేసుకునే చిన్న చోట్లకి ఆపరేటర్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎక్కడ పెట్టాలన్నది కౌన్సిళ్ళు బైలాలతో నియంత్రించవచ్చు. కానీ క్రైస్ట్‌చర్చ్ కౌన్సిల్ ఆ చిన్న వాటిని కూడా సిటీ మధ్యకే పరిమితం చేయబోతే 2005లో హైకోర్టు ఒప్పుకోలేదు. ఐదేళ్ళ తర్వాత ప్రభుత్వ సమీక్షలో సెక్స్ వర్కర్ల సంఖ్య పెద్దగా పెరగలేదని తేలింది. ఊరంతా నిండిపోతాయన్న భయం అక్కడా వినబడింది, నిజం కాలేదు.

అమెరికాలో నెవాడా సంగతి?

నెవాడాలో 7 లక్షల లోపు జనాభా ఉన్న కౌంటీలు మాత్రమే లైసెన్సులు ఇవ్వగలవు. లాస్ వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీలో కుదరదు. రీనోకి తూర్పున స్టోరీ కౌంటీలో పేరుమోసిన బ్రోతల్ ఉంది, అదే కౌంటీలో టెస్లా బ్యాటరీ ఫ్యాక్టరీ ఉన్న భారీ పారిశ్రామిక పార్కు కూడా ఉంది. ఆ బ్రోతల్ యజమానే ఆ పార్కుని అభివృద్ధి చేసినవాళ్ళలో ఒకరు, కౌంటీ కమిషనర్‌గా కూడా గెలిచారు. బ్రోతల్ ఉందని పెద్ద కంపెనీలు భూమి కొనడం మానుకోలేదు.

ఇండియాలో చట్టబద్ధం చేస్తే ముంబై, హైదరాబాద్‌లో ఏమవుతుంది?

ఇప్పుడు మన దేశంలో ఒక వయోజన మహిళ తన ఇష్టంతో చేసే సెక్స్ వర్క్ దానికదే నేరం కాదు. 1956 చట్టం ప్రకారం బ్రోతల్ నడపడం, ఆ సంపాదన మీద బతకడం, బహిరంగంగా పిలవడం, గుడి, బడి, ఆసుపత్రి లాంటి చోట్లకి 200 మీటర్ల లోపు చేయడం నేరం. 2022 మే 19న సుప్రీంకోర్టు కూడా వీళ్ళకి గౌరవంగా బతికే హక్కుందని, పోలీసులు వేధించకూడదని ఆదేశాలిచ్చింది.

భూమి ధర విషయానికొస్తే ముంబైలో కథ తలకిందులుగా నడుస్తోంది. కామాఠీపురా పేరు తెలుగు నేల నుంచి కూలిపనికి వెళ్ళిన కామాఠీల మీదుగా వచ్చింది. నిషేధం, దాడులు ఎన్ని ఉన్నా నూరేళ్ళకి పైగా అక్కడి బ్రోతళ్ళు కదల్లేదు. ఇప్పుడు దక్షిణ ముంబైలో భూమి బంగారమయ్యేసరికి అవి కుదించుకుపోతున్నాయి, రీడెవలప్‌మెంట్ మాటలు నడుస్తున్నాయి. అక్కడ ధరని బ్రోతల్ తగ్గించలేదు, ధరే బ్రోతల్‌ని తోసేస్తోంది. ఆ గదుల్లో దశాబ్దాలుగా అద్దెకున్న ఆడవాళ్ళకి కొత్త టవర్లో చోటు దొరుకుతుందా అన్నదే అక్కడ అసలు ప్రశ్న. చట్టబద్ధం చేస్తే వాళ్ళకి కనీసం అద్దెదారు హక్కు అడిగే వీలు వస్తుంది, నేను దానికి అనుకూలం.

హైదరాబాద్‌లో నా ఫ్లాట్ అద్దెకిచ్చాను. అక్కడ రెయిడ్ జరిగితే నేను ఇక్కడుండి ఇరుక్కుంటానా?

ఇరుక్కోవచ్చు, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తెలిసి బ్రోతల్‌కి అద్దెకిస్తే ఓనర్ కూడా ముద్దాయే. ఇంకా ముఖ్యమైనది, తనిఖీలో ఆ ఇల్లు అందుకు వాడినట్టు తేలిందని మీరు నివసించే ప్రాంతంలో తిరిగే పేపర్లో వార్త వచ్చినా, సోదాలో దొరికిన వస్తువుల జాబితా కాపీ మీకు అందినా, ఆ తర్వాత మీకు తెలుసనే చట్టం అనుకుంటుంది. తెలియదని నిరూపించుకోవాల్సింది మీరు. నిషేధిత 200 మీటర్ల పరిధిలో ఉన్న ఇంటి మీద మేజిస్ట్రేట్ చర్య తీసుకుంటే ఏడాది పాటు ఆయన అనుమతి లేకుండా మళ్ళీ అద్దెకివ్వలేరు.

అందుకని రాతపూర్వక అద్దె ఒప్పందం, ఆధార్ కాపీ, సబ్‌లీజ్‌కి ఇవ్వకూడదన్న షరతు తప్పకుండా ఉంచుకోండి. అద్దె నగదుగా కాకుండా బ్యాంకు ద్వారానే తీసుకోండి. అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ నంబర్ దగ్గర పెట్టుకోండి. రెయిడ్ అయినట్టు కబురొస్తే అదే రోజు అక్కడి లాయర్ ద్వారా టెనెంట్‌కి నోటీసు పంపి, ఆ కాపీని స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.